గెలాక్సీకి ఇరుగుపొరుగు ఇచ్చేదెంత, లాక్కునేదెంత

మా పొలం కాలువకి శివారున ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీరు పెద్ద కాలువలోంచి పిల్ల కాలువలోకి, అక్కణ్ణుంచి బోదెలోకి దిగి మా చేను చేరేసరికి ఎగువ ఊళ్లలో ఊడ్పులు అయిపోయి రోజులు గడిచిపోతాయి. విత్తనం మాత్రం ఒకటే. మారుటేరులో పుట్టిన స్వర్ణనే వాళ్లూ వేస్తారు, మేమూ వేస్తాం. అయినా కళ్ళం మీద బస్తాలు లెక్కేసేసరికి ఎగువ చేనుదే పైచేయి. చిన్నప్పుడు ఎందుకలా అని అడిగితే నాన్న "నీళ్లురా" అనేవారు. బాబాయి "నీళ్లు కాదు, నేల. వాళ్లది మంచి ఒండ్రు నేల" అనేవారు. తాతయ్య ఇద్దరి మాటా కొట్టేసి, "ముందు ఊడ్చిన చేను ముందు దుబ్బు కడుతుంది, అంతే" అని తేల్చేసేవారు.

ముగ్గురు చెప్పిందీ నిజమేనని, ఎవరి వాటా ఎంతో విడదీయడమే అసలు కష్టమని నాకు బోధపడటానికి చాలా ఏళ్లు పట్టింది. బోధపరిచింది గెలాక్సీలు.

విశ్వంలో గెలాక్సీలు అన్ని చోట్లా ఒకేలా పరుచుకుని లేవు. కొన్ని చోట్ల వేలకొద్దీ కిక్కిరిసి ఉంటాయి. కొన్ని చోట్ల కోట్ల కాంతి సంవత్సరాల మేర చూసినా పలకరించే దిక్కు ఉండదు. కిక్కిరిసిన చోట బరువైన గెలాక్సీలు ఎక్కువగా, ఖాళీ చోట్ల తేలికవి ఎక్కువగా కనిపిస్తాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ బరువు అక్కడి చోటు ఇచ్చిందా, పుట్టుకతో వచ్చిందా, తర్వాత జరిగిన సంఘటనల వల్ల వచ్చిందా అన్నదగ్గరే మా ఇంటి తగాదా మళ్లీ మొదలవుతుంది. "రద్దీ చోట ఉంటే గెలాక్సీ లావెక్కుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసే మాట తరచూ వింటుంటాం. అది సగం నిజం. మిగతా సగంలో అదే రద్దీ గెలాక్సీ ఒంట్లోంచి బరువు ఊడలాక్కుంటుంది.

ముందు బరువు అంటే ఏ బరువో చెప్పుకోవాలి. ఇది తేల్చుకోకుండా వాదించుకునేవాళ్లే ఎక్కువ. మన పాలపుంతనే తీసుకుందాం. అందులో నక్షత్రాలన్నిటి బరువు కలిపితే సుమారు 5,000 నుంచి 6,000 కోట్ల సూర్యుల బరువు. కొత్త నక్షత్రాలకి ముడిసరుకైన చల్లటి గ్యాస్ ఇంకో వెయ్యి కోట్ల సూర్యుల చుట్టూ ఉంటుంది. ఈ రెండిటినీ చుట్టుకుని కంటికి కనపడని డార్క్ మ్యాటర్, అంటే కృష్ణ పదార్థం, పెద్ద గోళంలా పరుచుకుని ఉంది. దాన్ని హేలో అంటారు. దానితో కలిపి మొత్తం తూకం దాదాపు లక్ష కోట్ల సూర్యులు. అంటే మనకి వెలుగుతూ కనపడేది నూటికి ఐదో ఆరో వంతు మాత్రమే. పరిసరం ఈ మూడు బరువుల మీదా ఒకేలా పనిచేయదు. ఒకదాన్ని పెంచుతూ ఇంకోదాన్ని తగ్గించగలదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే అది ఇదేనని నా అభిప్రాయం.

మరి ఇంత దూరం నుంచి తూకం ఎలా వేస్తారు? కళ్ళం మీద ధాన్యం రాశి చూసి "ఇది నలభై బస్తాలు" అని చెప్పేసే పెద్దవాళ్లు మా ఊళ్లో ఉండేవారు. వాళ్లు రాశి ఎత్తు ఒక్కటే చూసేవారు కాదు, గుప్పెట్లోకి తీసుకుని పచ్చిదా, ఆరిందా, తాలు ఎంత ఉంది అని కూడా చూసేవారు. నక్షత్రాల బరువు లెక్క కూడా అలాంటిదే. ఎంత వెలుగు వస్తోందన్నది ఒకటి, ఆ వెలుగు ఏ రంగుదన్నది రెండు. నీలంగా ఉంటే లేత నక్షత్రాలు ఎక్కువని అర్థం, అవి కొద్ది బరువుతోనే విపరీతంగా వెలుగుతాయి. ఎర్రగా ఉంటే ముదురు నక్షత్రాలు, అదే వెలుగుకి బరువు చాలా ఎక్కువ. గ్యాస్ బరువుని హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల రేడియో తరంగంతో కొలుస్తారు. పుణె దగ్గర ఖోడద్‌లో ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో మన జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు చేసే పనుల్లో ఇదొకటి. కనపడని హేలో బరువుని గెలాక్సీ అంచుల్లోని నక్షత్రాలు, గ్యాస్ ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసి, వెనక నుంచి వచ్చే కాంతి ఎంత వంగుతోందో చూసి లెక్కగడతారు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ తిరిగే వేగాన్ని కొలిచిన దగ్గర్నుంచి ఈ దారి గట్టిపడింది.

ఇప్పుడు పుట్టుక సంగతి.

ఆగస్టులో ఎర్రనీరు వచ్చి లంకలు మునిగాక, వరద తీసేటప్పుడు ఏటిగట్టు మీద నిలబడి ఎప్పుడైనా చూశారా? ముందు ఒకటి రెండు మిట్టలు బయటపడతాయి. తర్వాత వాటి పక్కనే ఇంకో నాలుగు. కాసేపటికి ఆ మెరక లంక మీద పది పదిహేను మిట్టలు తేలి ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద దిబ్బలవుతుంటాయి. అదే సమయానికి పల్లపు లంకలో ఇంకా నీళ్లే. అక్కడా మిట్టలు లేకపోలేదు. ఎత్తు కొలిస్తే అవీ ఇంతే ఉండొచ్చు. కానీ ఇవి మెరక మీద నిలబడ్డాయి, అవి పల్లంలో నిలబడ్డాయి. ఇవి ముందు బయటపడ్డాయి, అవి ఆలస్యంగా పడతాయి, కొన్ని అసలు పడవు.

గెలాక్సీల పుట్టుక అచ్చం ఇలాగే జరిగింది. విశ్వం వయసు 3.8 లక్షల ఏళ్లప్పుడు పదార్థం దాదాపు నున్నగా పరుచుకుని ఉంది. తేడాలు లక్షలో ఒక వంతు మాత్రమే. ఆ చిన్న ఎగుడుదిగుళ్లే గురుత్వాకర్షణతో పెరిగాయి. ఎక్కడ కాస్త దట్టంగా ఉందో అక్కడికి చుట్టుపక్కల పదార్థం చేరింది. ఒక హద్దు దాటేంత దట్టమయ్యాక ఆ ముద్ద తన బరువుకి తనే కుప్పకూలి హేలో అయింది, దానిలో గెలాక్సీ పుట్టింది. ఆ హద్దే వరద నీటి మట్టం. పెద్ద మెరక మీదున్న చిన్న మిట్ట ఆ హద్దుని తొందరగా దాటుతుంది. 1984లో నిక్ కైజర్ ఈ తర్కాన్ని గణితంగా చూపించాడు. బరువైన వస్తువులు మామూలు పదార్థం కంటే ఎందుకు ఎక్కువ గుంపుగా ఉంటాయో దానితో అర్థమైంది. అవి మెరక లంకల మీదే ముందు తేలాయి. 2005లో మిలీనియం అనే కంప్యూటర్ సిమ్యులేషన్‌లో వెయ్యి కోట్లకి పైగా కణాలతో విశ్వాన్ని పెంచి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఒకే బరువున్న చిన్న హేలోల్లో కూడా దట్టమైన చోట ఉన్నవి ముందు పుట్టాయి. ఇదే మా తాతయ్య మాట. ముందు ఊడ్చిన చేను ముందు దుబ్బు కడుతుంది.

అంటే గెలాక్సీ పుట్టకముందే దాని ఇరుగుపొరుగు దాని బరువులో కొంత రాసి పెట్టేసింది. ఇక్కడ పరిసరం గెలాక్సీని ఏమీ "చేయలేదు". గెలాక్సీ, దాని పరిసరం రెండూ ఒకే మెరకలోంచి లేచాయి, అంతే. ఈ తేడా గట్టిగా పట్టుకోకపోతే ముందు ముందు లెక్కలన్నీ తప్పుతాయి.

పుట్టాక పదార్థం ఎటు పారిందన్నది తర్వాతి ప్రశ్న. 1980ల్లో మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా వాళ్ల బృందం గెలాక్సీల దూరాలు కొలిచి మ్యాపు గీస్తే ఆకాశం నురగలా కనిపించింది. పెద్ద పెద్ద ఖాళీ బుడగలు, వాటి గోడల మీద గెలాక్సీలు. గోడలు కలిసే చోట సన్నని పాయలు, పాయలు కలిసే చోట గెలాక్సీ క్లస్టర్లు, అంటే వందలు, వేల గెలాక్సీలు కిక్కిరిసిన గుంపులు. ఇప్పుడు దీన్ని విశ్వజాలం అంటున్నారు. డెల్టాలో పెరిగిన వాళ్లకి పాయ అనగానే గౌతమి, వసిష్ఠ, వైనతేయ గుర్తొస్తాయి. అయితే దిశ తిరగబడుతుంది. మన దగ్గర ధవళేశ్వరం దిగువన ఒక్క నది పాయలుగా చీలి సముద్రానికి పోతుంది. విశ్వజాలంలో పాయలన్నీ చీలకుండా వచ్చి కలుస్తాయి. నాసిక్ నుంచి వచ్చే గోదావరిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తూ పోయినట్టు ఖాళీ ప్రాంతాల్లోంచి గోడల్లోకి, గోడల్లోంచి పాయల్లోకి, పాయల్లోంచి క్లస్టర్‌లోకి పదార్థం చేరుతూనే ఉంటుంది. ఖాళీ చోటు రోజురోజుకీ ఇంకా ఖాళీ అవుతుంది. బూటీస్ అనే నక్షత్ర మండలం దిక్కున 1981లో కనుగొన్న ఖాళీ ప్రాంతం సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పు. అందులో గెలాక్సీలు ఓ అరవై మాత్రమే లెక్కకొచ్చాయి.

ఇలా చేరిన పదార్థంతో క్లస్టర్ నడిమధ్య గెలాక్సీలు భారీగా పెరుగుతాయి. చైత్ర, వైశాఖాల్లో అమావాస్య రాత్రి తొమ్మిది పది గంటలకి డాబా ఎక్కి నడినెత్తిన చూస్తే ఉత్తర ఫల్గుణి నక్షత్రం కనిపిస్తుంది. దానికి కాస్త తూర్పుగా, కంటికి ఏమీ కనపడని చోట, 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా గెలాక్సీలున్న కన్యారాశి క్లస్టర్ ఉంది. దాని నడుమ ఎం87 అనే గెలాక్సీ. 2019లో మొదటిసారి ఫోటోకి చిక్కిన బ్లాక్ హోల్ దీని కడుపులోదే, 650 కోట్ల సూర్యుల బరువు. ఎం87లో నక్షత్రాల బరువు పాలపుంత కంటే పది రెట్ల చుట్టూ ఉంటుంది. కానీ అది కూర్చున్న క్లస్టర్ హేలో మన హేలో కంటే వందల రెట్లు బరువు. హేలో వందల రెట్లు పెరిగితే నక్షత్రాలు పది రెట్లే ఎందుకు పెరిగాయి? హేలో మరీ పెద్దదైతే లోపలికి పడే గ్యాస్ కోట్ల డిగ్రీలకి వేడెక్కుతుంది, మధ్యలోని బ్లాక్ హోల్ దాన్ని చల్లారనివ్వదు. చల్లారని గ్యాస్ నక్షత్రంగా మారదు. మరీ చిన్న హేలోలో సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, గ్యాస్‌ని బయటికి నెట్టేస్తాయి. నక్షత్రాలు పండించడంలో అన్నిటికంటే మెరుగైనది లక్ష కోట్ల సూర్యుల బరువున్న హేలో, అంటే దాదాపు మనదే. పరిసరం హేలో మీద చూపించినంత జోరు నక్షత్రాల బరువు మీద చూపించలేకపోవడానికి కారణం ఇదే.

బరువు పెరగడానికి రెండో దారి కలయిక. గెలాక్సీ గెలాక్సీ ఢీకొని ఒకటవడం. ఇక్కడ చాలామంది పొరబడతారు. రద్దీ ఎక్కువున్న క్లస్టర్‌లోనే కలయికలు ఎక్కువ జరుగుతాయి అనుకుంటాం కదా? కాదు. క్లస్టర్‌లో గెలాక్సీలు సెకనుకి వెయ్యి కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. ఆ వేగంలో ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోవడమే తప్ప ఆగి కలిసేంత వ్యవధి ఉండదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి ఆనుకోవాలంటే ఇంజను తగ్గించి మెల్లగా రావాలి, జోరుగా వస్తే ఒడ్డు దాటిపోతుంది. గెలాక్సీలు మెల్లగా కదిలేది ఐదో పదో గెలాక్సీలున్న చిన్న గుంపుల్లో. అందుకే కలయికలకి అసలైన చోటు చిన్న గుంపులే. పెద్ద గెలాక్సీ చుట్టూ తిరిగే చిన్నది ఎలా నెమ్మదించి లోపలికి దిగుతుందో 1943లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క కట్టి చూపించారు. బరువైన వస్తువు నక్షత్రాల మధ్యగా వెళ్తుంటే వాటిని తనవైపు లాగుతుంది, అవి దాని వెనక చిక్కగా పోగవుతాయి. ఆ పోగు దాన్ని వెనక్కి లాగుతుంది. నీళ్లలో పరిగెత్తబోయినవాడికి కాళ్లు బరువెక్కినట్టు దాని వేగం తగ్గుతుంది. క్లస్టర్ మధ్యలోని పెద్ద గెలాక్సీ తన చుట్టూ తిరిగే వాటిని ఒక్కొక్కటిగా మింగి పెరిగేది ఈ దారినే.

ఇక ఊడలాక్కునే సగం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే దీన్ని నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను.

మిషన్లు రాకముందు నూర్చిన ధాన్యాన్ని తూర్పారబట్టేవారు. నాన్న ఎత్తుపీట మీద నిలబడి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, చేట భుజం ఎత్తున పట్టి మెల్లగా వంచేవారు. గింజ బరువుగా నిట్టనిలువునా పీట కాళ్ల దగ్గర పడేది. పొల్లు గాలికి తేలి అవతల బారుగా తోకలా పరుచుకునేది. సాయంత్రానికి కళ్ళం మీద రెండు రాశులు. ఇటు గింజ, అటు పొల్లు. గాలి చాలకపోతే చేట వంచినా లాభం లేదు, పొల్లూ గింజా కలిసే పడతాయి. గాలి మరీ ఎక్కువైతే తేలిక గింజలూ ఎగిరిపోతాయి, అప్పుడు నాన్న పీట దిగిపోయేవారు.

గెలాక్సీ క్లస్టర్‌లో ఖాళీగా కనిపించే చోటంతా సన్నని వేడి గ్యాస్‌తో నిండి ఉంటుంది. అందులోని గెలాక్సీల నక్షత్రాలన్నీ కలిపినా ఆ గ్యాస్ బరువుకి తూగవు. క్లస్టర్‌లోకి కొత్తగా పడే గెలాక్సీ ఈ గ్యాస్‌లోంచి సెకనుకి వెయ్యి కిలోమీటర్లకి పైగా వేగంతో దూసుకుపోతుంది. గాలి లేని రోజు కూడా మోటార్ సైకిల్ మీద వెళ్తుంటే మొహానికి ఎదురుగాలి కొడుతుంది కదా, అలాంటి ఎదురుగాలి గెలాక్సీకి తగులుతుంది. వేగం రెట్టింపైతే ఆ గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నక్షత్రాలు గింజల్లాంటివి, గాలికి కదలవు. వాటి మధ్య పరుచుకున్న గ్యాస్ పొల్లులా ఎగిరి వెనక తోకలా సాగుతుంది. 1972లో జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ ఈ లెక్క రాశారు. దీనికి ఫోటో సాక్ష్యం కావాలంటే ఈఎస్ఓ 137-001 అనే గెలాక్సీని చూడాలి. 22 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో నార్మా క్లస్టర్‌లోకి పడిపోతోంది. ఎక్స్-కిరణాల్లో చూస్తే దాని వెనక 2.6 లక్షల కాంతి సంవత్సరాల పొడవున గ్యాస్ తోక, ఆ తోకలో అక్కడక్కడ కొత్తగా పుట్టిన నక్షత్రాలు. సముద్రంలో జెల్లీ చేపలా ఉంటుందని ఇలాంటి వాటికి జెల్లీఫిష్ గెలాక్సీలని పేరు పెట్టారు.

ఇక్కడ తూకం సంగతి గమనించాలి. ఇలా తూర్పారబట్టిన గెలాక్సీని మర్నాడు నక్షత్రాల లెక్కన తూస్తే బరువు తగ్గదు. గ్యాస్ లెక్కన తూస్తే సగం పోయి ఉండొచ్చు. అయితే ఆ గ్యాసే రేపటి నక్షత్రాలకి విత్తనం. ఈ గెలాక్సీ ఇక పెరగదు. వందల కోట్ల ఏళ్ల తర్వాత చూస్తే, బయట స్వేచ్ఛగా పెరిగిన దాని తోటి గెలాక్సీ కంటే ఇది తేలిగ్గా ఉంటుంది. పరిసరం ఈ రోజు ఉన్న బరువుని ముట్టుకోకుండానే రేపు రావాల్సిన బరువుని పట్టుకుపోయింది.

ఇంకో రకం నెమ్మదిగా జరుగుతుంది. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. కట్టేసిన రోజే చేను ఎండిపోదు. చేలో నిలిచిన నీటితో, నేలలోని తడితో పైరు కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. పైకి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, కానీ తూము మూసేశారు. క్లస్టర్‌లోకో పెద్ద గెలాక్సీ హేలోలోకో చేరిన చిన్న గెలాక్సీకి బయటి నుంచి కొత్త గ్యాస్ వచ్చే దారి తెగిపోతుంది. చేతిలో ఉన్న గ్యాస్ అయిపోయేదాకా నక్షత్రాలు పుడతాయి, ఆ తర్వాత ఆగిపోతాయి. 1980లో లార్సన్, టిన్స్‌లీ, కాల్డ్‌వెల్ ఈ మాట చెప్పారు. ఆ తర్వాత వచ్చిన కొలతలు చూస్తుంటే చాలా గెలాక్సీల కథ జెల్లీఫిష్‌లా నాటకీయంగా కాకుండా ఇలా తూము మూసినట్టు నిశ్శబ్దంగానే ముగుస్తోందనిపిస్తుంది.

గింజలు కూడా ఎగిరిపోయే సందర్భం ఒకటుంది. కన్యారాశి క్లస్టర్‌లోనే ఎం60 అనే పెద్ద గెలాక్సీ పక్కన చిన్న ముద్దలాంటి గెలాక్సీ ఉంది. 2014లో దాని మధ్య రెండు కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ దొరికింది. ఆ చిన్న గెలాక్సీ మొత్తం బరువులో అది 15 శాతం. మామూలు గెలాక్సీల్లో ఇది ఒక శాతం కూడా ఉండదు. అంటే అది ఒకప్పుడు చాలా పెద్ద గెలాక్సీ. ఎం60 గురుత్వాకర్షణ దాని నక్షత్రాలని పొరలు పొరలుగా ఒలిచేసి చివరికి టెంక మిగిల్చింది. హేలో అంచులు ముందు పోతాయి, గ్యాస్ తర్వాత, నక్షత్రాలు అన్నిటికంటే చివర. మూడు బరువులకీ మూడు వేరు వేరు గడువులు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. పుట్టుకతో వచ్చిందెంత, తర్వాత జరిగిందెంత అని ఎలా విడదీయాలి? 1980లో అలాన్ డ్రెస్లర్ 55 క్లస్టర్లలో దాదాపు 6,000 గెలాక్సీలని చూసి, రద్దీ పెరిగే కొద్దీ చక్రంలా తిరిగే గెలాక్సీలు తగ్గి గుండ్రటి ఎర్ర గెలాక్సీలు పెరుగుతాయని తేల్చాడు. అయితే రద్దీ చోట బరువైనవి ఎక్కువని ముందే చెప్పుకున్నాం. బరువైనవి ఎక్కడున్నా కొత్త నక్షత్రాల పుట్టుక ఆగి ఎర్రబారే గుణం ఉన్నవే. మరి ఎర్రబడటానికి కారణం రద్దీయా, బరువా? మా ఇంట్లో చేయాల్సిన పనే ఇక్కడా చేశారు. ఒకే విత్తనం, ఒకే రోజు ఊడ్పు ఉన్న చేలని మాత్రమే పక్కపక్కన పెట్టి పోల్చడం. ఒకే బరువున్న గెలాక్సీలని తీసుకుని, కొన్ని రద్దీలో, కొన్ని ఖాళీలో ఉంటే తేడా ఎంత అని చూడటం. 2010లో యింగ్జీ పెంగ్ బృందం స్లోన్ అనే ఆకాశ సర్వే సమాచారంతో ఇలా చూస్తే, సొంత బరువు వల్ల నక్షత్రాల పుట్టుక ఆగడం ఒకటి, చుట్టుపక్కల వల్ల ఆగడం ఇంకొకటి, రెండూ దాదాపు వేటికవే విడివిడిగా పనిచేస్తున్నాయని తేలింది. పెద్ద గెలాక్సీలు ఎక్కడున్నా తమ బరువుతోనే ఆగిపోతాయి. చిన్న గెలాక్సీల తలరాత పొరుగు చేతిలో ఉంటుంది.

చిన్న వాటి విషయంలో 2012లో మార్లా గెహా బృందం చూపించిన ఫలితం కంటే గట్టి సాక్ష్యం నేను చదవలేదు. నక్షత్రాల బరువు వంద కోట్ల సూర్యుల కంటే తక్కువున్న గెలాక్సీలని వేలల్లో చూశారు. పెద్ద గెలాక్సీకి దూరంగా ఒంటరిగా ఉన్న వాటిలో నక్షత్రాల పుట్టుక ఆగిపోయినది దాదాపు ఒక్కటీ దొరకలేదు. ఆగిపోయినవన్నీ ఏదో ఒక పెద్ద గెలాక్సీకి సమీపంలోనే ఉన్నాయి. శివారు చేనుకి నీరు అందలేదంటే ఎగువ తూము వైపు చూడాల్సిందే, చేనుని తప్పుపట్టి లాభం లేదు.

2023లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఖాళీ ప్రాంతాల గెలాక్సీలని ఇలాగే సమాన బరువుతో పోల్చింది. ఖాళీ ప్రాంతాల్లోవి పాయల్లో, గోడల్లో ఉన్న తోటివాటి కంటే సగటున ఆలస్యంగా నక్షత్రాలు కూర్చుకున్నాయి. క్లస్టర్లలోవి అందరికంటే ముందు. పల్లపు లంక మిట్టలు ఆలస్యంగా తేలినట్టే.

ఈ పోలికల పద్ధతి మీద నాకో అసంతృప్తి ఉంది, చెప్పకుండా ఉండలేను. "బరువు సమానం చేసి చూస్తే పరిసరం ప్రభావం తక్కువే" అని చాలామంది తీర్మానిస్తారు. కానీ ఆ బరువులోనే పరిసరం వాటా ముందుగా కలిసిపోయి ఉంది. ఎగువ చేనుకి నీళ్లు ముందు రావడం వల్లే పైరు ముందు దుబ్బు కట్టిందనుకోండి. దుబ్బు సమానంగా ఉన్న చేలని మాత్రమే పోల్చి "నీళ్లకీ దిగుబడికీ పెద్ద సంబంధం లేదు" అంటే శివారు రైతు ఒప్పుకుంటాడా? బరువు సమానం చేయడం వల్ల తెలిసేది పెంపకంలో వచ్చిన తేడా మాత్రమే. పుట్టుకలో వచ్చిన వాటా ఆ లెక్కలోంచి జారిపోతుంది. రెండూ కావాలంటే రెండు లెక్కలూ వేరుగా చేయాలి.

పరిసరాన్ని కొలవడం కూడా తేలిక కాదు. ఐదో పొరుగు గెలాక్సీ ఎంత దూరంలో ఉందో చూడటం ఒక పద్ధతి. చుట్టూ పెద్ద గోళం గీసి అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఇంకోటి. అది పాయలో ఉందా, గోడ మీదుందా అని జాలంలో స్థానం చూడటం మరోటి. ఊరు ఎలాంటిది అంటే వీధి చెప్పాలా, మండలం చెప్పాలా? పైగా గెలాక్సీ దూరాన్ని అది దూరమయ్యే వేగాన్ని బట్టి కొలుస్తారు కాబట్టి, క్లస్టర్ లోపల అటూ ఇటూ పరుగెత్తే గెలాక్సీలు మ్యాపులో మన వైపు చూపే వేళ్లలా సాగిపోతాయి. వాటికి "దేవుడి వేళ్లు" అని పేరు. ఇవన్నీ సరిచేసి 2015లో గామా అనే సర్వే గెలాక్సీలతో లెక్కవేస్తే, ఖాళీ ప్రాంతాల నుంచి క్లస్టర్ల దాకా వెళ్లేకొద్దీ గెలాక్సీల వెలుగు పెరుగుతున్న మాట నిజమేనని, ఆ తేడాకి దగ్గరి రద్దీయే సరిపోతుందని, పాయలో ఉందా గోడ మీదుందా అన్నది విడిగా కలిపే ప్రభావం కనిపించలేదని తేలింది. వీధి తెలిస్తే చాలు, మండలం పేరు పెద్దగా ఏమీ కలపలేదు.

బాగా పెద్ద మెరక ఎంతుంటుందో తెలుసుకోవాలంటే 2017లో పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఐసర్ తదితర సంస్థలతో కలిసి ప్రకటించిన సూపర్ క్లస్టర్, అంటే క్లస్టర్లే గుంపుకట్టిన చోటు, చూడాలి. 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 60 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున, కనీసం 43 క్లస్టర్లు. దానికి వాళ్లు పెట్టిన పేరు సరస్వతి. పాయలు వచ్చి కలిసే చోటుకి నది పేరు పెట్టారు.

మన సొంత ఇరుగుపొరుగు సంగతి చెప్పి ఆపుతాను. పాలపుంత క్లస్టర్‌లో లేదు. ఆండ్రోమెడాతో, ఇంకా కొన్ని పదుల చిన్న గెలాక్సీలతో కలిసి చిన్న గుంపులో ఉంది. అంటే కలయికలకి అనువైన చోటు. 800 నుంచి 1,000 కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద కలయిక జరిగిన గుర్తులు 2018లో మన నక్షత్రాల కదలికల్లోనే దొరికాయి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి మనవైపు వస్తున్న ఆండ్రోమెడాతో వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో కలుస్తామా లేదా అన్నది ఇంచుమించు సగం సగం అని 2025లో ఒక లెక్క చెప్పింది.

మన పాలపుంత కూడా చిన్న వాటికి ఎగువ తూమే. దాని చుట్టూ సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాల లోపు తిరిగే బుల్లి గెలాక్సీల్లో దాదాపు వేటి దగ్గరా గ్యాస్ లేదు. మెజెలాన్ మేఘాలనే రెండు గెలాక్సీలే దానికి మినహాయింపు, అవి పెద్దవి కాబట్టి ఇంకా నిలదొక్కుకున్నాయి. వాటి గ్యాస్ కూడా ఆకాశంలో పొడవాటి తోకగా సాగిపోతోంది. డిసెంబర్ చివర్లో అర్ధరాత్రి దగ్గర అంతర్వేది ఒడ్డున నిలబడితే వాటిలో పెద్దది దక్షిణాన సముద్రం మీద నాలుగు డిగ్రీల ఎత్తుకి మించి లేవదు. మంచు దాన్ని మింగేస్తుంది.

కంటికి అసలు కనపడనిది ఇంకోటి ఉంది, 2007లో దొరికింది. పేరు లియో టి. వైశాఖంలో డాబా మీద మనం ఉత్తర ఫల్గుణిని చూసిన రాత్రే, ఇంకాస్త పడమరగా మఖ నక్షత్రం దగ్గర, దాదాపు 14 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. నక్షత్రాల బరువు ఒకటి రెండు లక్షల సూర్యులు, గ్యాస్ బరువు అంతకంటే ఎక్కువే. అంత బక్కది గ్యాస్‌ని ఎలా దాచుకోగలిగిందంటే, అది ఇంకా పాలపుంత గాలి తగిలే దూరంలోకి రాలేదు.